కార్డు వెనక దారి

పొద్దున తొమ్మిదికి కొత్తపేటలో ఇంటి గడప దాటిన నర్సింహులు, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో ఉన్న శుభలేఖల దుకాణం చేరేసరికి పది దాటేది. తక్కినవాళ్ళకు అది పావుగంట నడక. ఆయన మాత్రం మూడుచోట్ల ఆగి, పిక్కలు రెండూ చేతులతో పట్టుకొని కూర్చునేవాడు. మందుల దుకాణం మెట్ల మీద ఒకసారి, చెప్పులు కుట్టే మనిషి గొడుగు కింద ఒకసారి, మిర్చి బజ్జీల బండి పక్కన ఒకసారి. ఏమైందని ఎవరూ అడిగేవారు కాదు.

"ఇయ్యాల ఎవరి పెండ్లి, నర్సన్నా?" అనేవాళ్ళు.

"నాగోల్‌ల. నాలుగు వందల కార్డులు."

"అయ్యో, నాలుగు వందలా!" అని స్టూలు జరిపి చాయ్ చెప్పేవాళ్ళు.

సంగతి అందరికీ తెలిసిందే. పెండ్లి కార్డు వెనక, గృహప్రవేశం కార్డు వెనక మండపానికో ఇంటికో దారి చూపిస్తూ చిన్న పటం ఉంటుంది కదా, రూట్ మ్యాప్ అంటారు, దాన్ని గీయడం నర్సింహులు పని. ఆయన ఎట్లా గీస్తే దారి అట్లా ఉంటుంది, ఆ కార్డు చేతిలో ఉన్నవాళ్ళకు. అంగుళం గీస్తే అంగుళమంత నడక. నాకు పెంచి చెప్పే అలవాటు లేదు, ఈ శహరులో ఉన్న కోటిమందిలో ఎవరినైనా అడగండి. ఒకసారి వనస్థలిపురం పెండ్లికి వచ్చిన ఐదువందల మంది మగపెళ్ళివారిని ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి మండపానికి సరిగ్గా పదకొండు అడుగుల్లో చేర్చాడు. పన్నెండో అడుగు వేసినవాళ్ళు వంటశాలలో తేలారు. గుత్తివంకాయ దింపుతుండగా నేను అక్కడే ఉన్నాను.

ఆయన సిగ్నళ్ళు గీయడు. అందుకని ఆ కార్డు పట్టుకున్నవాళ్ళకు సిగ్నళ్ళు ఎదురుకావు. ఒకసారి తొందరలో నాలా మీద వంతెన గీయడం మరిచిపోతే డెబ్బైమంది చుట్టాలు బ్యాండుమేళంతో సహా గట్టు మీద నిలబడిపోయారు. నర్సింహులు కలం పట్టుకొని పరిగెత్తాడు. ఒక్కొక్క కార్డు మీద వంతెన గీస్తుంటే ఒక్కొక్కరే దాటారు. డప్పాయన చివరికి మిగిలి, గీసేదాకా వాయిస్తూనే ఉన్నాడు.

ఆ చేయి పోచంపల్లి చేయి. ముత్తాతల నుంచి చీరలు నేసిన ఇల్లు. పదహారేండ్ల వయసులోనే నర్సింహులు గళ్ళ కాగితం మీద చీర డిజైన్లు గీసేవాడు. ఒక్క గడి తప్పితే చిలక ముక్కు పోయి చిలక తోక మీద పడుతుంది. ఆయన జన్మలో ఒక్క చిలకకూ అట్లాంటి కష్టం రానివ్వలేదు. మగ్గాలు మూలపడ్డాక అదే గళ్ళ కాగితం పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. ముప్పై ఎనిమిదేండ్లుగా ఈ తూర్పు శహరులో ఆయన గీయని గల్లీ లేదు. గీసేముందు నడవని గల్లీ అసలే లేదు. తాను కాలు పెట్టని చోట గీత గీస్తే ఆ గీత నిలవదు, సిరా ఆరేలోపే మాసిపోతుంది. అందుకని ముందు నడిచేవాడు. నడుస్తూ అరుగుల మీది ముసలివాళ్ళను పలకరించేవాడు. ఇక్కడ మునుపు ఏముండె, అక్కడ ఎవరి పొలముండె అని అడిగి అడిగి, కాలనీల కింద ఉన్న ఊళ్ళన్నీ తలలో దాచుకున్నాడు.

ఒక్కటే తిప్పలు. దారిలోంచి కోసేసిన దూరం ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. అది నర్సింహులు పిక్కల్లోకి వచ్చేది. నాలుగు వందల మంది నడవని నాలుగేసి కిలోమీటర్లు ఆ రోజు పొద్దంతా ఆయన కాళ్ళలో నడిచేవి.

"శహర్‌ల పెండ్లిళ్ళన్నీ నీ పిక్కలల్లనే అయితున్నయి," అనేది భార్య లలితమ్మ, వేడి చేసిన నూనె రాస్తూ. "దవాఖాన సారు ఏమన్నడు? ఇంకొక్క సీజన్ గీస్తే మంచం దిగవు అన్నడా లేదా?"

"అన్నడు."

"మరి?"

"ఆ సారు బిడ్డ పెండ్లి కార్డు కూడ నేనే గీసిన లలితా. మండపం కాడికి మూడు అడుగులల్ల చేరిండు. అప్పుడు అనలే."

లలితమ్మ నవ్వలేదు. చాలా ఏండ్లయింది ఆమె ఆ మాటలకు నవ్వక.

పని కూడా తగ్గింది. ఫోన్లో లొకేషన్ పెడితే చాలంటున్నారు జనం. దుకాణం యజమాని త్రినాథరావుది గోదావరి వైపు, ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. ఆయన గౌరవంగానే చెప్పాడు.

"ఏవండీ నర్సింహులు గారూ, ఇక చాలించకూడదటండీ? మీ కాళ్ళు చూస్తుంటే నాకే నీరసం వస్తోందండీ. కుర్రాళ్ళు కార్డు వెనక్కే తిప్పట్లేదు."

"ఫోను దూరం చెప్తది, తగ్గియ్యదు కద రావుగారూ."

"తగ్గించేది మీరు, మోసేది మీరు. మధ్యలో వాళ్ళు తాంబూలం పుచ్చుకుని పోతారు. అంతేగా?"

నర్సింహులు కలానికి మూత పెట్టాడు. ఆ రోజుకు ఆయన నిజంగానే అలసిపోయి ఉన్నాడు. చాలిద్దామనే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడు యాదలక్ష్మి వచ్చింది.

యాదలక్ష్మికి అరవై దగ్గర పడింది. నల్గొండ దిక్కు మనిషి. ఎల్బీ నగర్‌లో ఒక హాస్టల్‌లో రొట్టెలు చేస్తుంది. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరూ కలిసి అల్మాస్‌గూడలో రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నారు.

"సారూ, నాకు కార్డు ఒక్కటే గావాలె," అంది.

"ఒక్కటా? వంద లేనిదే మిషన్ తిరగదమ్మా," అన్నాడు త్రినాథరావు.

"అచ్చు ఒద్దు. చేతితోని గీస్తె చాలు. మా అన్నకు."

అన్న పేరు భిక్షపతి. మలక్‌పేట గంజ్‌లో ముప్పై ఏండ్లు హమాలీ చేసి, ఇప్పుడు అక్కడే ఒక గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. పుట్టింటి దిక్కు ఆమెకు మిగిలింది ఆయనొక్కడే. పంతొమ్మిదేండ్లుగా మాటల్లేవు. వాళ్ళమ్మ చనిపోయిన రోజు, యాదలక్ష్మి వచ్చేదాకా ఆగకుండా శవాన్ని ఊరికి తీసుకుపోయాడు భిక్షపతి. బండి ఆమె ఉండే ఎల్బీ నగర్ మీదనుంచే, ఆగకుండా పోయింది. దినాల నాడు యాదలక్ష్మి పదిమందిలో నిలబడి ఒక మాట అంది.

"ఏమన్నవ్?" అన్నాడు నర్సింహులు.

"నువ్వు నాకు అన్నవే కాదు, నా ఇంటికి రాకు అన్న. కడుపు మంట మీద అన్న సారూ. తెల్లారే తప్పయిందన్న. ఆయనకు రెండో మాట ఇనపడలే."

ఆ తర్వాత మూడుసార్లు బయల్దేరాడట భిక్షపతి. మేనల్లుడి పెండ్లికి, మనమరాలికి ఇరవై ఒకటో దినం పేరు పెట్టినప్పుడు, బావకు ఆపరేషన్ అయినప్పుడు. మూడుసార్లూ దిల్‌సుఖ్‌నగర్ దాకా రావడం, అక్కడ ఆ మాట గుర్తుకు రావడం, బస్సు దిగి వెనక్కి మళ్ళడం.

"ఇప్పుడు ఇంటికి దర్వాజ ఎక్కిస్తున్నం, ముందు దీనికే పిలుస్తున్న. ఆ ఎనక ఇంట్లకు పోవుడు. ఇంట్లకు పోయేనాడు పుట్టింటోల్ల ఒడిబియ్యం పడాలె నాకు. ఆయన ఒచ్చి పోయకుంటె నేను గా ఇంట్ల దీపం పెట్ట. మా అన్నకు డెబ్బై దాటినయ్. ఇంకో ఇల్లు కట్టేదాక ఉంటమా ఇద్దరం? జర దగ్గరగ గీయి సారూ. ఆయనకు కోపం గుర్తుకొచ్చేలోపల నా గడప రావాలె."

నర్సింహులు లేచాడు. అంత దూరాన్ని అంత దగ్గరగా ఆయన అప్పటిదాకా గీయలేదు. మలక్‌పేట నుంచి అల్మాస్‌గూడకు గోరంత గీత. దర్వాజ ఎక్కించే రోజు పొద్దున తానే పోయి భిక్షపతి చేతిలో పెట్టాడు. చెల్లెలు ఇల్లు కడుతోందన్న మాట విని ముసలాయన గొణుక్కుంటూనే చెప్పులు వేసుకున్నాడు. రెండు అడుగులు వేశాడు. మూడో అడుగు అల్మాస్‌గూడలో పడింది. ఎదురుగా ఇల్లు, వాకిట్లో చెల్లెలు.

కానీ రెండు అడుగుల్లో మనిషి మారతాడా? మలక్‌పేట గదిలో పంతొమ్మిదేండ్లుగా కూర్చున్న కోపం, వేడి వేడిగా, అట్లాగే వచ్చి ఆమె ముందు నిలబడింది. "నీకు నేను అన్ననే కాదు కద," అన్నాడు. వెనక్కి తిరిగి, కార్డు చించి, బస్సెక్కి పోయాడు.

ఒక్కడి పది కిలోమీటర్లే, అయినా నర్సింహులు పిక్కల్లో వారం రోజులు ఉన్నాయి. లలితమ్మ మళ్ళీ నూనె కాచింది. రాస్తూ అంది:

"నువ్వు అందరికి దారి కోసిస్తవ్. మా నాయిన మా మ్యానత్త మీద అలిగితే ఊరంత తిరిగి, పొద్దుగూకినంక పోయేటోడు ఆమె ఇంటికి. తిరిగి తిరిగి కాళ్ళు గుంజితే అలక యాడుంటది?"

నర్సింహులు కాళ్ళు ఆమె ఒడిలోంచి తీసి కింద పెట్టాడు. ముప్పై ఎనిమిదేండ్లలో ఒక్కసారి కూడా ఎవరికీ దారి పొడుగు గీయలేదని అప్పుడు తట్టింది ఆయనకు.

మర్నాడు హాస్టల్ దగ్గర యాదలక్ష్మిని పట్టుకున్నాడు. "మీరిద్దరు ఈ శహరుకు ఎట్ల ఒచ్చిన్రు? ఏడేడ ఉన్నరు? నడువు, చూపియ్యి," అన్నాడు.

మూడు రోజులు నడిచారు. ఆయన కర్ర పట్టుకొని, ఆమె చీర కొంగు నెత్తిన కప్పుకొని. ఎల్బీ నగర్‌లో మెట్రో స్టేషన్ కింద ఆగి, "ఈడ లారీ దిగినం," అంది. "ఒక చాయ్ డబ్బ, ఒక చేదబాయి, గంతే. నాకు పన్నెండేండ్లు, అన్నకు ఇరవై మూడు. కరువుకు ఎల్లి ఒచ్చినం."

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల నడుమ, బట్టల దుకాణాల నడుమ, ఎటు చూసినా తోపులాటే. ఆమె కండ్లు మూసుకొని ముక్కుతో వెతికింది. "ద్రాక్ష తోట. కూలికి పోయేటోల్లం. తోటాయన చూడకుండ అన్న నాకు ఒక గుత్తి నడుముకు కట్టుకొని తెచ్చేటోడు. పచ్చి కాయ, పులుపు. గా పులుపు నాకింక నోట్ల ఉంది." అక్కడ అమ్మాయిల హాస్టల్ ఉంది. నర్సింహులు గేటు ముందు నిలబడి గళ్ళ కాగితం మీద తోట గీశాడు. వాచ్‌మన్ "ఏం చేస్తున్రు పెద్దాయనా?" అంటే "పందిరి ఎంత ఎత్తు ఉండేదో చూస్తున్న," అన్నాడు. వాచ్‌మన్ తల ఊపి కుర్చీ ఇచ్చాడు.

అల్మాస్‌గూడ దాపున ఒక గుట్ట ఉండేది. అన్నాచెల్లెళ్ళు అక్కడ రాళ్ళు కొట్టారు. ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పేరు హిల్ వ్యూ. గుట్టను పగలగొట్టి ఆ రాయితోనే పునాది వేసి, ఆ పేరు పెట్టారు.

"ఈడ నా కాలు మీద రాయి పడ్డది," అంది యాదలక్ష్మి. "అన్న నన్ను ఈపున ఏసుకొని మలక్‌పేట సర్కారు దవాఖాన దాక నడిచిండు. యాడ ఆగలే. ఆనాడు బస్సు రాలే."

"ఎండకాలమా?"

"ఎండకాలమే. ఆయన చెమట నా గదుమ మీద పడుతుండె."

నర్సింహులు అది కూడా గీశాడు. ఎండ గీయడం ఆయనకు అదే మొదలు.

కార్డు తయారయ్యేసరికి అది కార్డు కాదు. మడత విప్పితే బల్లంత అయింది. త్రినాథరావు చూసి బెదిరాడు.

"ఇదేంటండీ? ఇందులో దిల్‌సుఖ్‌నగరే లేదు!"

"లేదు. ఆడికొస్తెనే ఆయనకు ఆ మాట గుర్తుకొస్తది. గందుకే తీసేసిన. ఆ జాగల ద్రాక్ష తోట పెట్టిన."

"మరి మెట్రో? బస్సులు? పెద్దాయన ఎలా వస్తాడండీ?"

"నడిచి."

ముహూర్తం ఏనాడో చెల్లెలు ముందే కబురంపింది. గృహప్రవేశం రోజు తెల్లారి ఆరు గంటలకు నర్సింహులు మలక్‌పేటలో భిక్షపతి గది తలుపు తట్టాడు.

"మల్ల నువ్వేనా?" అన్నాడు భిక్షపతి. "పోయినసారి చెప్పులు సరిగ తొడుక్కోలే, తీస్కపోయి చెల్లె ముంగట నిలబెట్టినవ్. ఏం మనిషివయ్యా?"

"ఈసారి దగ్గర లేదు. చాన దూరం పెట్టిన."

"ఎంత దూరం?"

"మీ ఇద్దరు నడిచినంత. నీకు ఈ వయసుల చాతగాదు తియ్యి. ఊకె చూపియ్యనీకి తెచ్చిన."

భిక్షపతి మీసం కదిలింది. "క్వింటాలు బస్తా ఈపున ఏసుకొని మూడంతస్తులు ఎక్కినోన్ని. నాకు చాతగాదా? నీ బొక్క కాళ్ళు చూసుకో ముందు." కాగితం లాక్కున్నాడు. తిప్పి చూశాడు. ఒకచోట వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత గదిలోకి పోయి, మూట ఒకటి భుజాన వేసుకొని వచ్చాడు. ఆ మూటలో ఏముందో నర్సింహులు అడగలేదు.

"నేను ఆమె కోసం పోతలే," అన్నాడు భిక్షపతి. "నడవగలనని చూపియ్యనీకి పోతున్న."

"పో మరి."

అల్మాస్‌గూడలో పొద్దున్నే పాలు పొంగాయి. ఫోన్లు పట్టుకొని వచ్చిన చుట్టాలు మూడు కాలనీలు తిరిగి, ఒకరి ఇంటికి పోబోయి ఇంకొకరి ఇంట్లో ఉప్మా తిని, చివరికి చేరుకున్నారు. తొమ్మిదయింది. పన్నెండయింది. భోజనాలయ్యాయి. యాదలక్ష్మి పట్టుచీరలో, తినకుండా, గడప బయట పీట మీద కూర్చుంది.

"లోపలికి రావే, అందరు చూస్తున్రు," అన్నాడు భర్త.

"చూడనియ్యి."

నర్సింహులు, లలితమ్మ వేపచెట్టు నీడలో కుర్చీల్లో ఉన్నారు. రెండు దాటాక నర్సింహులు కాళ్ళు చాపాడు. మడిచాడు. మళ్ళీ చాపాడు.

"లలితా, నొప్పి లేదు."

"ఏంది?"

"కుడి కాలుకు లేదు. ఎడమ కాలుకు కూడ పోతున్నది."

ఆమె ఆయన పిక్క నొక్కి చూసింది. ముప్పై ఎనిమిదేండ్లుగా రాయిలా ఉన్న పిక్క మెత్తగా ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోసిన దూరం ఆయన కాళ్ళలోకి వచ్చినప్పుడు, కలిపిన దూరం ఎక్కడినుంచి పోవాలి? ఆ కాళ్ళలోంచే. నాగోల్ పెండ్లి, వనస్థలిపురం పెండ్లి, వేలమంది నడవని దారులన్నీ ఒక్కొక్కటే బయటికి పోయి, ఎక్కడో ఎండలో, డెబ్బై దాటిన హమాలీ వీపు మీదికి ఎక్కుతున్నాయి.

"అయ్యో," అంది లలితమ్మ. "ఆ ముసలాయన మోయగలడా?"

"తెల్వదు లలితా. నాకు తెల్వక గీసిన."

నర్సింహులు గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఇక కూర్చోలేదు. నాలుగయింది. ఐదయింది. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. షామియానా వాళ్ళు తాళ్ళు విప్పుతున్నారు. పొద్దు వాలితే ఒడిబియ్యం పోయరు. యాదలక్ష్మి పీట మీదినుంచి కదల్లేదు. భర్త కూడా వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఎండ ఇంకా గోడల మీద ఉండగా గల్లీ మొదట్లో భిక్షపతి కనిపించాడు.

నేను చాలామంది నడక చూశాను. ఏనుగుల నడక చూశాను, మంత్రుల నడక చూశాను. అట్లాంటి నడక మళ్ళీ చూడలేదు. ఒక్క అడుగు, ఆగడం. ఒక్క అడుగు, ఆగడం. నాలుగు లారీల సరుకు ఒక్కడే మోస్తున్నట్టు నడుము వంగిపోయింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా గుట్ట దుమ్ము. చొక్కా మీద ద్రాక్షాకు ఒకటి అంటుకొని ఉంది. భుజాన మూట మాత్రం దించలేదు. నర్సింహులు అందుకోబోతే, కండ్లతోనే వద్దన్నాడు.

గడప ముందుకు వచ్చాడు. యాదలక్ష్మి లేచింది. ఆయన నోరు తెరిచాడు. పంతొమ్మిదేండ్లుగా దాచుకున్న మాట అక్కడే ఉంది, నాలుక మీద. దాన్ని లేపడానికి బలం లేదు ఆయన దగ్గర. రెండుసార్లు ప్రయత్నించాడు.

"నీళ్ళియ్యే," అన్నాడు.

ఆమె చెంబు తెచ్చింది. తానే తాగించింది. సగం నీళ్ళు గడ్డం మీదనుంచి కారాయి. గోడకు ఒరిగి కూర్చున్నాక కొంచెం ఊపిరి కుదిరింది.

"గుట్ట కాడ నువ్వు కూసున్న రాయి," అన్నాడు. "చెయ్యి పెట్టి చూసిన. ఎచ్చగుంది."

"ఇంత ఆలిశం చేసినవేంది అన్నా?"

"నిన్ను ఎత్తుకొని నడిచిన్నే. ఆగి ఆగి ఒచ్చిన. ఆనాడు ఇంత బరువు లేకుంటివి."

లలితమ్మ చాప పరిచింది. యాదలక్ష్మి తూర్పు ముఖంగా కూర్చొని కొంగు పట్టింది. మూట విప్పితే పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, జాకెట్ ముక్క. ఆ బియ్యం ఆయన ముందురోజే కలిపి పెట్టుకున్నాడని, రంగు చూసిన ఆడవాళ్ళందరికీ తెలిసింది. ఎవరూ పైకి అనలేదు.

భిక్షపతి దోసిలి నిండా బియ్యం తీశాడు. చేతులు మోకాళ్ళ మీదినుంచి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. లేవలేదు. క్వింటాలు బస్తాలు ఎత్తిన చేతులు, దోసెడు బియ్యం కింద అట్లాగే పడి ఉన్నాయి. ఆయన చెల్లెలి వైపు చూశాడు.

యాదలక్ష్మి ఒక చేత్తో కొంగు పట్టుకొని, ఇంకో చెయ్యి చాపి అన్న మణికట్ల కింద పెట్టి, మెల్లగా పైకి లేపింది. ఇద్దరి చేతులూ కలిసి ఆమె ఒడి మీదికి వచ్చాయి. భిక్షపతి వేళ్ళు వదిలాడు. బియ్యం పడింది.

"ఒకటి," అంది లలితమ్మ. "ఇంక నాలుగు పోయాలె. నిదానంగ పొయ్యి అన్నా, పొద్దు ఉన్నది."